పీక్ అవర్స్‌లో కరెంటు పొదుపు: ఒళ్ళు అలవకుండా చేసే చిట్కాలు

ఎండలు ముదిరాయంటే కరెంటు వాళ్ళ విన్నపాలు మొదలవుతాయి. పొద్దున ఆరు నుంచి పది దాకా, సాయంత్రం ఆరు నుంచి పది దాకా కాస్త చూసి వాడండి అంటారు. చూసి వాడటానికి మనకేం అభ్యంతరం లేదు. కానీ చూడాలంటే లేవాలి. లేస్తే స్విచ్ బోర్డు దాకా నడవాలి. నడిచాక ఏ స్విచ్ దేనిదో గుర్తు తెచ్చుకోవాలి. రోజంతా ఆఫీసులో కూర్చుని కూర్చుని అలిసి ఇంటికొచ్చిన మనిషికి ఇది చిన్న పని కాదు. ఈ చిట్కాలు అలాంటి వాళ్ళ కోసం. వీటిలో ఒక్కటి కూడా మిమ్మల్ని సోఫాలోంచి లేపదు. వరసగా పాటించుకుంటూ పోండి. మే నెల గడిచేలోగా మీ ఇంట్లో సాయంత్రం పూట వాడకం సున్నాకు దిగుతుంది. హామీ నాది.

1. ముందు మీ వాటా ఎంతో లెక్క వేసుకోండి.

2024 మే 30న దేశం మొత్తం ఒకే సమయంలో లాగిన కరెంటు దాదాపు 250 గిగావాట్లు, అంటే రెండున్నర లక్షల మెగావాట్లు. మీ ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు. ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి దీన్ని దానితో భాగించండి. వచ్చే సున్నాలు చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. మీరు ఆపితే ఎంత, వేస్తే ఎంత!

"అందరూ ఇలాగే అనుకుంటే ఎలా" అని ఎవరైనా మొదలుపెడితే 2020 ఏప్రిల్ 5 సంగతి చెప్పండి. ఆ రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పమని ప్రధాని అడిగారు. జనం ఒట్టి లైట్లే ఆర్పారు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా దాదాపు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది. గ్రిడ్ తట్టుకోవడానికి జలవిద్యుత్ ఉత్పత్తిని గబగబా తగ్గించి మళ్ళీ గబగబా పెంచాల్సి వచ్చింది. అంటే జనం తలుచుకుంటే ఎంతైనా మిగల్చగలరు. అంతమంది ఉండగా మధ్యలో మీరెందుకు? పొదుపు వాళ్ళకు వదిలేయండి. వాళ్ళకు అలవాటైన పని.

2. ఏసీని 18 దగ్గర పెట్టి మరచిపోండి.

కొత్త ఏసీ ఆన్ చేయగానే 24 చూపిస్తుంది. 2020 జనవరి నుంచి గది ఏసీలన్నీ అలాగే రావాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. ఈ లెక్కను అటునుంచి చదవండి. ఆరు డిగ్రీలు దించారంటే అంత కరెంటు అదనంగా మీ గదిలోకి వస్తుంది. వచ్చేదాన్ని వద్దనకూడదు.

పాతరకం ఏసీలో 18 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే వేగం ఒకటే. తేడా ఏమిటంటే, 24 దగ్గర గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది. మే నెల హైదరాబాదులో 18 దాకా దిగడం దాని తరం కాదు కాబట్టి రాత్రంతా ఆగదు. ఆగి మళ్ళీ అందుకునేటప్పుడు టక్కుమని చప్పుడవుతుంది, నిద్ర చెడుతుంది. కాబట్టి ఆగనివ్వకండి. చలేస్తే రెండు దుప్పట్లు కప్పుకోండి. దుప్పటికి కరెంటు అక్కర్లేదు. మీ పొదుపు అక్కడ మొదలవుతుంది.

ఏసీ వేశాక తలుపు వేయకండి. హాల్లో కూర్చున్నవాళ్ళకూ కాస్త చల్లగాలి తగలనివ్వండి. హాల్లో ఇంకో ఏసీ వేయాల్సిన పని తప్పింది కదా, దాని కరెంటంతా మిగిలినట్టే లెక్క.

ఫిల్టరు కడగకండి. ముందు మూత ఎత్తి చూస్తే జాలీ మీద బూడిద రంగులో మందంగా దుమ్ము పేరుకుని ఉంటుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ పొర లోపలికి ఇంకో రేణువు పోనివ్వదు, గాలిని కూడా పోనివ్వదు. కంపెనీ ఇచ్చిన ఫిల్టరు మీద మీరు పైసా పెట్టకుండా సంపాదించుకున్న రెండో ఫిల్టరు అది. అలాగే బాల్కనీలో ఉన్న బయటి యూనిట్ ముందు పాత అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, పిల్లల సైకిలు సర్దండి. దానికి నీడా దొరుకుతుంది, మీకు ఒక స్టోర్‌రూమూ దొరుకుతుంది.

3. ఆరు కాగానే ఇంటిని ఇన్వర్టర్ మీదికి మార్చండి.

పీక్ అవర్స్‌లో వీధి కరెంటు వాడకూడదు, అంతే కదా వాళ్ళు అడిగింది! మెయిన్ ఆపేయండి. లేవాల్సిన పనిలేదు, పిల్లల్ని పంపండి. లైట్లు, ఫ్యాన్లు, టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తాయి. ఈ రెండు గంటల్లో ఎదురింటివాళ్ళకు వినపడేలా "మేం బయటి కరెంటు వాడటం లేదండీ" అని రెండుసార్లన్నా అనండి. ఎనిమిదింటికి బ్యాటరీ కీచుమంటుంది. అప్పుడు మెయిన్ వేయించండి. ఏసీ, ఫ్రిజ్, బ్యాటరీ చార్జింగ్ అన్నీ ఒక్క క్షణంలో అందుకుంటాయి. సరిగ్గా పీక్ నడిమధ్యలో.

ఇళ్ళలో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీకి పది యూనిట్లు పోస్తే తిరిగొచ్చేది ఏడో ఎనిమిదో. మిగతాది ఎటు పోయిందని బెంగపడకండి. బ్యాటరీ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, అక్కడే ఉంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రం పోయకండి. మూతల్లో ఉండే సూచిక ఎర్ర గీత దాకా దిగిందంటే బ్యాటరీ తేలికపడిందని అర్థం. తేలిక వస్తువు తక్కువ తింటుంది.

4. సంపు మోటారు విషయంలో వాచ్‌మన్‌కు స్పష్టంగా చెప్పండి.

ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ కాలుస్తుంది. దాన్ని మధ్యాహ్నం వేసినా ట్యాంకు నిండుతుంది. కానీ మధ్యాహ్నం వాచ్‌మన్ నిద్రపోతాడు, మనమూ నిద్రపోతాం. సాయంత్రం ఆరింటికి వేయించండి. ఆ సమయానికి అందరూ ఇళ్ళకు చేరి ఉంటారు కాబట్టి ట్యాంకు పొర్లి నీళ్ళు మేడ మీంచి పడుతున్న చప్పుడు ఎవరికో ఒకరికి వినపడుతుంది. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టించి మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు చేద్దామని అసోసియేషన్ మీటింగ్‌లో ఎవరైనా అంటే, మూడు కొటేషన్లు తెమ్మనండి. తెచ్చాక నాలుగోది అడగండి. కామన్ మీటరు బిల్లు అన్ని ఫ్లాట్ల మీదా పడుతుంది. మీ వాటా చిన్నది.

5. పనులన్నీ ఏడింటికే పెట్టుకోండి.

ఇస్త్రీ, వాషింగ్ మెషీన్, ఇడ్లీ పిండి గ్రైండరు, గీజరు, ఇండక్షన్ పొయ్యి. వీటిని రోజంతా అక్కడొకటి ఇక్కడొకటి చేసుకుంటూ పోతే ఏ గంటలోనూ సుఖం ఉండదు. అన్నీ ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి. మిగతా ఇరవై రెండు గంటలూ మీ ఇల్లు పొదుపులో ఉన్నట్టే. లెక్క అడిగినవాళ్ళకు ఆ ఇరవై రెండు గంటలు చూపించండి.

వరస కూడా ముఖ్యం. ముందు గీజరు వేయండి, తర్వాత తువ్వాలు వెతకండి. ఇస్త్రీపెట్టె వేడెక్కాక బట్టలు మడత విప్పండి. ఒకటే చొక్కా ఇస్త్రీ చేయండి, రేపటిది రేపు. వారానికి సరిపడా ఒకేసారి చేస్తే పెట్టె ఒక్కసారే వేడెక్కుతుంది. అంత ఓపిక ఉన్నవాళ్ళకు ఈ చిట్కాలతో పనే లేదు.

పగటి కరెంటు, సాయంత్రం కరెంటు ఒకటి కాదని పెద్దలు చెబుతారు. నిజమే. మధ్యాహ్నం సోలార్ ప్లాంట్ల నుంచి బోలెడు వస్తుంది. పొద్దుగుంకగానే అది పోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్ళలో లైట్లు వెలుగుతాయి. ఆ సందు పూడ్చడానికి బొగ్గు కేంద్రాల్లో ఉత్పత్తి పెంచాలి. శ్రీశైలం, సాగర్ నీళ్ళు వదలాలి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, నీళ్ళను వెనక్కి తోడుకుని మళ్ళీ వాడుకునే ఏర్పాటుతో సహా. ఇంకా చాలకపోతే ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయల దాకా పెట్టి కొనాలి. ఆ ఖర్చు తర్వాత ఇంధన సర్దుబాటు పేరుతో అందరి బిల్లుల్లోకీ చేరుతుంది. ఎదురింట్లో ఒంటి ఫ్యానుతో కాలం గడిపే పెద్దావిడ కూడా అందులో తన వంతు కడుతుంది. మీరొక్కరే మోయాల్సిన బరువు కాదు, ధైర్యంగా ఉండండి.

కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటర్లు పెట్టిన ఇళ్ళకూ వేళను బట్టి రేటు రావాలి. ఎండ ఉన్న గంటల్లో మామూలు రేటు మీద కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో కనీసం పదో వంతు ఎక్కువ. మీ వాషింగ్ మెషీన్ మీద 'డిలే స్టార్ట్' అనే బటన్ ఉంది. పొద్దున బట్టలు వేసి అది నొక్కిపోతే మధ్యాహ్నం ఒంటిగంటకు దానంతటదే ఉతుకుతుంది. కానీ అది నేర్చుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. మాన్యువల్ ఎక్కడుందో వెతకడానికి ఇంకో పది. ఈ ఇరవై నిమిషాలు మీకు ఎవరు తిరిగిస్తారు?

6. చిన్నచిన్న వాటిలో మాత్రం చండశాసనుల్లా ఉండండి.

పొదుపు ఇంట్లోవాళ్ళ కళ్ళకు కనపడాలి. దానికి లైట్లు మంచివి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ తీసేసి పాత జీరో బల్బు పెట్టండి. పేరులోనే సున్నా ఉంది. నిజానికి ఆ గాజు బల్బు పది పదిహేను వాట్లు తింటుంది, ఎల్ఈడీ ఇచ్చే వెలుగులో పిసరంత కూడా ఇవ్వదు. కానీ చీకటిని చూసినవాళ్ళెవరైనా ఈ ఇంట్లో ఎంత పొదుపో అనుకుంటారు. పిల్లలు ఆ వెలుగులో చదవలేకపోతే టీవీ వేసి దాని వెలుగులో చదువుకోమనండి.

ఫ్యాన్లకు పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్లు ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి. రెండు నంబరు మీద ఓ గంట తిరిగాక డబ్బా మీద అరచెయ్యి ఆనించండి, కాలినంత పనవుతుంది. ఫ్యాను వాడుకోకుండా వదిలేసిన కరెంటు అది. మామూలు ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపు అంటూ షాపువాడు చెబుతాడు. పాత ఫ్యాను అత్తగారు పెళ్ళికి పెట్టినదనండి. ఆ మాటకు ఎదురు చెప్పగలిగే సేల్స్‌మన్ ఇంకా పుట్టలేదు.

టీవీని రిమోట్‌తోనే ఆపండి. సెట్‌టాప్ బాక్సు ఆపకండి. పది వాట్ల డబ్బా నెలంతా ఆగకుండా ఉంటే ఏడు యూనిట్లు దాటుతుంది. ఏడు యూనిట్లతో ఏం మేడలు కడతాం! ఈ ఏడూ గుర్తుపెట్టుకోండి, తొమ్మిదో చిట్కాలో పనికొస్తాయి.

7. సాంబారు పొగలు కక్కుతుండగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

చల్లారే దాకా కనిపెట్టుకుని ఉండాల్సిన పని తప్పుతుంది. తలుపు తెరిచి ఏం తినాలో తీరిగ్గా ఆలోచించండి. ఫ్రిజ్‌ను వెనకాల గోడకు ఆనించి పెట్టండి, చోటు కలిసొస్తుంది. తలుపు రబ్బరు సందులో కాగితం పెట్టి లాగి చూడమంటారు కొందరు. కాగితం జారి వస్తే రబ్బరు మార్చాలి. అందుకే లాగకండి.

8. జవాబులు ముందే తయారుచేసుకోండి.

ఇది అన్నిటికన్నా అవసరం. వాడకం ఎంతైనా, అడిగినప్పుడు నోట్లోంచి మాట తడుముకోకుండా రావాలి.

అసోసియేషన్ సెక్రటరీ లిఫ్టు దగ్గర పట్టుకుంటే: "మా ఇంట్లో అన్నీ ఫైవ్ స్టారేనండీ. స్టిక్కరు కూడా తీయలేదు, వచ్చి చూడండి." స్టిక్కరు మీద సంవత్సరం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ప్రమాణాలు బిగిస్తారు కాబట్టి అప్పటి ఐదు నక్షత్రాలు ఇప్పటి ఐదు కావు. చూపించేటప్పుడు సంవత్సరం మీద బొటనవేలు ఉంచండి.

అమ్మ అడిగితే: "మాటిమాటికీ ఆపి వేస్తే ఇంకా ఎక్కువ కాలుతుందమ్మా." ఎక్కడ చదివావని అడగదు.

అత్తగారు అడిగితే: "గీజరు మీ కోసమే ఉంచానండీ అత్తయ్యా, ఎప్పుడు స్నానానికి లేస్తారో అని." ఆవిడ పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని ఉన్నా సరే, ఇక నోరు మెదపరు.

స్కూల్లో టీచరు ఇంట్లో ఎవరు స్విచ్‌లు ఆపుతారో రాసుకు రమ్మందని పిల్లాడు నోట్‌బుక్ తెస్తే: "నాన్న అని రాసెయ్ రా." కింద సంతకం పెట్టండి. సంతకానికి పెన్ను కూడా వాణ్ణే తెమ్మనండి.

మార్చి చివర్లో ఎర్త్ అవర్ వస్తుంది. శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా లైట్లు ఆర్పడం. దాన్ని మాత్రం వదులుకోకండి. కొవ్వొత్తి వెలిగించి, కుటుంబమంతా చుట్టూ చేరి ఫొటో దిగండి. ఏసీ చప్పుడు ఫొటోలో వినపడదు. ఆ ఒక్క ఫొటో ఏడాదంతా వాట్సాప్‌లో నడుస్తుంది.

9. 200 యూనిట్లను అంచు దాకా వాడండి.

తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. రీడింగ్ తీసే రోజు ఇంకో నాలుగు రోజులుందనగా మీటరు చూడండి. ఈ నెల వాడకం 172 దగ్గర ఉందనుకుందాం. ఇరవై ఎనిమిది యూనిట్లు మీవి. వదిలేస్తే మిగిలిపోతాయి, వచ్చే నెలకు చేరవు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటుంది, సాయంత్రం నాలుగు గంటలకు ఆరు. నాలుగు రోజులకు ఇరవై నాలుగు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు లెక్కలోకి తీసుకోకండి, లెక్క చిందరవందర అవుతుంది. అవీ, నెలంతా ఆపని సెట్‌టాప్ బాక్సు మింగిన ఏడు యూనిట్లూ తమ పని తాము చేస్తాయి. రీడింగ్ రోజున వాడకం 204 తేలుతుంది.

200 దాటితే ఆ నాలుగు యూనిట్లకే కాదు, మొత్తం వాడకానికీ బిల్లు వస్తుంది. పైగా స్లాబు మారుతుంది. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం సరిగ్గా 200 యూనిట్లయితే కరెంటు చార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారి 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు రెండు వందల ఏడు రూపాయల డెబ్బై పైసలు. ఇంత ఖరీదైన యూనిట్ మీ వీధిలో ఇంకెవరూ వాడి ఉండరు.

10. చివరి మెట్టు: ట్రాన్స్‌ఫార్మర్.

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక గడి ఉంటుంది. ఫ్లాటు కొన్నప్పుడు అందులో రెండు కిలోవాట్లు అని రాసి ఉంటుంది. తర్వాత రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి వచ్చి చేరాయి. అయినా ఆ గడి జోలికి పోకండి. లోడు పెంచమని దరఖాస్తు పెడితే డబ్బు కట్టాలి, ఫారం నింపాలి. వీధికి ఎంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలో డిపార్ట్‌మెంటు ఈ గడుల్లోని అంకెలు కూడుకుని చూసుకుంటుంది. ముప్ఫై ఫ్లాట్లు, తలా రెండు, మొత్తం అరవై కిలోవాట్లు. వంద కేవీఏది ధారాళంగా సరిపోతుంది. మే నెల సాయంత్రం ఏడున్నరకు అవే ముప్ఫై ఫ్లాట్లు తలా నాలుగు లాగుతాయి.

ముందు వోల్టేజీ పడుతుంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతాయి. స్టెబిలైజర్ టకటకమంటుంది. ఏసీ అందుకోలేక మూలుగుతుంది. కంప్రెసర్ కాలిపోయేది ఈ సమయంలోనే. ఇప్పుడు ఏసీ ఆపాలనిపిస్తుంది. ఆపకండి. ముందు ఎవరు ఆపుతారో వాళ్ళు ఓడినట్టు. కింది ఫ్లాటువాళ్ళు ఆపేదాకా పట్టు విడవకండి.

ఎవరూ ఆపకపోతే వీధి చివర దిమ్మె మీద ఒక పెద్ద చప్పుడు వినపడుతుంది. ఫ్యూజు పోయింది. అదృష్టం బాగుంటే ట్రాన్స్‌ఫార్మరే పోయింది. ఇక ఇంట్లో ఏదీ తిరగదు, ఏదీ వెలగదు. సాయంత్రం ఏడున్నర, నిండు పీక్, మీ వాడకం సున్నా. మొదట్లో నేనిచ్చిన హామీ ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సి వస్తే పొద్దుటి పీక్ కూడా కలిసొస్తుంది.

1912కు ఫోన్ చేయకండి. ముప్ఫై ఫ్లాట్లలో ఎవరో ఒకరు చేస్తారు. చాప తీసుకుని అందరికన్నా ముందు మేడెక్కి ట్యాంకు పక్కన గాలి తగిలే చోటు పట్టుకోండి. ఫ్రిజ్‌లో సాంబారు పాడయ్యేలోగా పక్కింటివాళ్ళకు ఇచ్చేయండి, మంచి పేరు వస్తుంది. ఇంట్లో స్విచ్‌లు మాత్రం ఆపకుండా ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. లైన్‌మన్ ఫ్యూజు వేయగానే అరవై ఏసీలు ఒక్కసారి అందుకుంటాయి, రెండో ఫ్యూజు కూడా పోతుంది, ఇంకో రెండు గంటల పొదుపు. అతను చెమటలు కక్కుతూ మళ్ళీ వచ్చి పైకి చూస్తే, "అన్నా, గంట నుంచి మా ఇంట్లో ఒక్క లైటు కూడా వేయలేదన్నా" అనండి. అబద్ధం కాదు.

ఒక్క మనవి. ఈ చిట్కాలు చదివి లోపల దాచుకోండి, పక్క ఫ్లాటువాళ్ళకు చూపించకండి. వాళ్ళు నిజంగా పొదుపు చేస్తున్నంత కాలమే ఇవి మీకు పనికొస్తాయి.